టోపీ లేని పిల్ల

అమెరికాలోని మెంఫిస్‌లో ఆ శనివారం మధ్యాహ్నం వంటింటి నిండా కొబ్బరినూనె వాసన. ఒర్లీన్ కుర్చీలో కూర్చుని, మనవరాలు టమార్‌ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని పాయలు తీసి సన్నజడలు అల్లుతోంది. టమార్ ఒళ్లో మేనత్త డెల్ఫీన్ వేసిన బొమ్మలున్నాయి. సోమవారం అవి అచ్చుకు వెళ్లాలి. డెల్ఫీన్‌కి అది మొదటి పుస్తకం. ఆ ఇంట్లో కాలేజీ చదివిన మొదటి మనిషీ ఆమే.

పుస్తకంలో పెద్దగా ఏమీ జరగదు. ఒక నల్లపిల్ల గుమ్మం మెట్ల మీద కూర్చుని పీచ్ పండు తింటుంది, తమ్ముడితో పోట్లాడుతుంది, నిద్రపోతుంది. తన చిన్నప్పుడు డెల్ఫీన్‌కి ఇలాంటి పిల్ల ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇది నేనే అని టమార్ అంటే చాలనుకుంది.

టమార్ కాగితాలు తిప్పుతూ మెల్లగా అందులోకి వెళ్లిపోయింది. పీచ్ రసం కారే బొమ్మ దగ్గర తన మోచెయ్యి తుడుచుకుంది. చివరి బొమ్మ దగ్గర ఆగింది. అందులో నిద్రపోతున్న పిల్ల జుట్టు దిండంతా మబ్బులా పరుచుకుంది. ఆ మబ్బులో చుక్కలు చిక్కుకున్నాయి. డెల్ఫీన్‌కి అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ అదే.

"ఈ పిల్లకి ఇంట్లో ఎవరూ లేరా అత్తా?"

"ఎందుకు లేరు? పక్కగదిలో వాళ్లమ్మ ఉంది," అంది పక్కనే నిలబడ్డ డెల్ఫీన్.

"మరి పడుకునేటప్పుడు జుట్టుకి టోపీ పెట్టలేదేం?"

ఒర్లీన్ తొంగిచూసింది. "శాటిన్ టోపీ లేకుండా వట్టి నూలు దిండు మీద పడుకోబెట్టావా? పొద్దున్నే ఆ చిక్కెవరు తీస్తారే, మీ కాలేజీవాళ్లా?"

"అది కల అమ్మా. అందంగా ఉంటుందని..."

"కల దానిది. చిక్కు వాళ్లమ్మది."

టమార్ నవ్వలేదు. "నాలాంటి పిల్ల అన్నావుగా," అని బొమ్మలు పక్కన పెట్టేసింది.

నిన్న రాత్రి డెల్ఫీన్ పెట్టుకున్న టోపీ ఇంకా ఆమె మంచం మీదే ఉంది. కాలేజీ రోజుల్లో హాస్టల్లో తోటిపిల్ల నవ్వుతుందని దీపం ఆర్పాకే పెట్టుకునేది. ఆ దాపరికమే కుంచెలోకీ వచ్చినట్టుంది.

ఆమె రంగులు తెచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఊదారంగు టోపీ కింద చుక్కలు ఒక్కొక్కటే మునిగాయి. ఆమెకి ప్రాణం ఉసూరుమంది.

"చుక్కలు పోయాయే," అంది పైకే.

"ఎక్కడికి పోతాయి? లోపలే ఉన్నాయిగా," అంది టమార్. కళ్లు అప్పటికే మూతలు పడుతున్నాయి. "అంచు గట్టిగా కట్టకు అత్తా. నా చెవులు నొప్పెడతాయి."

డెల్ఫీన్ కుంచె ఆపింది. అంచుని చెవుల పైకి జరిపి, కాస్త వదులుగా గీసింది.