బ్రాకెట్లలో పడిన కథ

నేను ఒక పాత బైబిలును. పల్నాటి పల్లెలో ఒక నాపరాళ్ళ గుడి, అందులో ప్రసంగవేదిక మీద చాలాకాలం ఉన్నాను. ఇప్పుడెక్కడ ఉన్నానో చివర చెబుతాను.

నన్ను మద్రాసులో అచ్చువేశారు. సీసపు అక్షరాలు, తోలు అట్ట, ఎర్రరంగు పూసిన అంచులు. నేను పైనుంచి అట్లాగే దిగివచ్చాననుకునేవాళ్ళు పల్లెలో చాలామంది. నా మాటలు అంతకుముందు రెల్లు కాగితాల మీద, మేకతోళ్ళ మీద నడిచాయి. చేత్తో నకలు రాసినవాళ్ళలో కళ్ళు మసకబారినవాడు ఒక వరుస వదిలేశాడు. భక్తి ఎక్కువైనవాడు ఒక మాట కలిపాడు. ఒకడు అంచున రాసుకున్నదాన్ని తరవాతివాడు లోపలికి లాగాడు.

నాలో ఒక కథ ఉంది. తప్పు చేసి పట్టుబడిన ఆడమనిషిని రాళ్ళతో కొట్టబోతే, ప్రభువు వంగి నేల మీద ఏదో రాసి, వాళ్ళచేత రాళ్ళు కింద పెట్టించిన కథ. బాగా పాత ప్రతుల్లో అది లేదు. కొందరు దాన్ని వేరే సువార్తలో పెట్టారు. పెళ్ళాలు చెడిపోతారని భయపడ్డ మొగుళ్ళే తీసేశారని వెనకటికి ఒకాయన అన్నాడట. నన్ను అచ్చువేసినవాళ్ళు తీసెయ్యలేదు, ఊరుకోనూ లేదు. కథకు బ్రాకెట్లు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో సంగతి చెప్పారు.

ఇదంతా తీమోతి అయ్యగారు చెబుతుంటే విన్నాను. ఆయన పై చదువు ముగించి కొత్తగా వచ్చిన పాస్టరు. బుధవారం సాయంత్రాలు సంఘపెద్దలకు పాఠం చెప్పేవాడు. నేర్చుకున్నది చెప్పకుండా ఉండలేని వయసు. మిగతా పెద్దలు ఆవులిస్తుంటే జకరయ్య ఒక్కడే ముందుకు వంగాడు.

"అయితే ఇది అసలు రాతలో లేదంటారా అయ్యగారూ?"

"లేదనే పండితుల మాట" అన్నాడు అయ్యగారు, ఒకడైనా విన్నాడన్న సంతోషంతో.

ఆ ఎండాకాలం కెజియమ్మ బిడ్డ చచ్చిపోయింది. కెజియమ్మ మొగుడు పోయిన మనిషి, మిరపకోతలకు పోయి బతికేది. పెళ్ళాం ఉన్న క్వారీ మేస్త్రీ వల్ల ఆమెకు ఆ బిడ్డ. కడుపు కనబడగానే సంఘం ఆమెను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టింది. మేస్త్రీ మీద తీర్మానం రాలేదు. సమాధుల దొడ్డి గోడకు రాళ్ళు ఆయన ఇచ్చినవే.

ఆదివారం ఆరాధన ముగిసేవేళకు బిడ్డను పాత చీరలో చుట్టుకుని గుడి మెట్ల కింద నిలబడింది. దొడ్డిలో తన తల్లి పక్కన ఇంత చోటు అడిగింది.

"బాప్తిస్మం నీళ్ళు పడని బిడ్డ. అందులోనూ ఎట్టా పుట్టిందో ఊరందరికీ తెలుసు" అన్నాడు జకరయ్య.

"దానికేం తెలుసు పెదనాయనా? ఇంకా పళ్ళు గూడా రాలా."

"నీకు తెలుసుగా."

అయ్యగారు లోపలికి పోయి నన్ను తెచ్చాడు. ఆ కథ తెరిచి చదివాడు. జకరయ్య చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"అది బ్రాకెట్లలోది గదా అయ్యగారూ. అసలు రాతలో లేదని మీరే చెబితిరి. లేనిదాన్ని పట్టుకుని సంఘాన్ని నడపమంటారా?"

"పాత ప్రతుల్లో లేదన్నాను. అబద్ధమనలేదు. ఇన్ని తరాలు దాన్ని పారెయ్యకుండా ఎందుకు మోసుకొచ్చారో ఆలోచించండి."

"బుధవారం ఒక మాట, ఆదివారం ఒక మాటా?"

ఎవరో నవ్వారు.

"బ్రాకెట్లంటే ఏందయ్యగారూ?" అని అడిగింది కెజియమ్మ. ఆమెకు చదువు రాదు. ఆయన వేలు పెట్టి చూపించాడు, ఇక్కడొకటి, అక్కడొకటి.

"ఎవురు పెట్టారు?"

"మనుషులేనమ్మా."

ఆమె పేజీ మీదికి వంగి చూసింది. "దొడ్డి గోడ మాదిరే ఉండాయే" అంది.

బిడ్డను గోడ బయట తుమ్మచెట్టు కింద పెట్టారు. గుంట అయ్యగారే తవ్వాడు. కుక్కలు తోడకుండా కెజియమ్మ పైన రాళ్ళు పేర్చింది. తరవాత అయ్యగారిని వేరే ఊరికి మార్చారు. కెజియమ్మ కోతలకు వలసపోయి మళ్ళీ రాలేదు.

గుడికి పెద్దక్షరాల కొత్త బైబిలు వచ్చినప్పుడు జకరయ్యకు దండ వేసి, నన్ను ఆయన చేతికిచ్చారు. అప్పటికే ఆయనకు చూపు తగ్గుతోంది.

"అమ్మాయ్, ఆ బ్రాకెట్లది తెరువు" అనేవాడు కోడలితో.

"మళ్ళీ అదేనా మావయ్యా? నిన్నేగా చదివింది."

"చదవబాకు. తెరిచి పెట్టు, చాలు."

ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. నా వెన్ను అక్కడే విరిగింది.

ఇంతలో దొడ్డి నిండిపోయింది. తూర్పు గోడ పడగొట్టి, తుమ్మచెట్టుకు అవతలగా కొత్త గోడ కట్టారు. చెట్టు కింద ఉన్నదాని గురించి ఎవరూ తీర్మానం చెయ్యలేదు. కొత్త చోట మొదటి గుంట జకరయ్యకే పడింది. మా వైపు పోయినవాళ్ళ గుండెల మీద వాళ్ళ బైబిలు పెడతారు. నన్ను తెరిచి బోర్లా పెట్టారు. వెన్ను విరిగిన చోటే తెరుచుకున్నాను.

గుంట దగ్గర పెట్టె మూత వేసేముందు, తవ్వేవాళ్ళ మాట ఒకటి వినబడింది.

"ఏందిరా ఈ రాళ్ళు?"

"ఎవురో ఎప్పుడో పేర్చినయ్యిలే. పక్కకు నెట్టు."

ఇప్పుడు చెదలు నా అంచుల్లోంచి వస్తున్నాయి. అడుగున ఉన్న చిన్న అక్షరాలు ముందు పోయాయి. ఒక బ్రాకెట్టు కూడా పోయింది, రెండోది ఉంది. చెక్కకు అవతల, జానెడు మట్టి అడ్డంగా, ఆ బిడ్డ. దాని పేరేమిటో నాకు తెలియదు. ఆ రోజు మెట్ల దగ్గర ఎవరూ అడగలేదు.