కాలికి తెలియని చప్పుడు

టకటకటక... టకటకటక...

మిషను చప్పుడు. మధ్యాహ్నపు ఎండ. కొత్త గుడ్డలోంచి లేచే గంజి వాసన.

ఆ చప్పుడు మధ్యలో ఇంకో చప్పుడు — ఎండుపుల్ల విరిగినట్టు. అంతే.

వంటింట్లో ఉన్న ఆవిడకు వినబడింది. తొక్కుడు పలక కింద ఉన్న కోడిపిల్లకు తెలిసింది.

పలక మీద ఉన్న కాలికి తెలియలేదు.

కాలు ఇంకా తొక్కుతూనే ఉంది. టకటకటక...

"ఆపండి! ఆపండంటుంటే!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన భార్య అరుపుకి దర్జీ చెయ్యి చక్రం మీద పడింది. సూది గుడ్డలో దిగి నిలబడిపోయింది. ఆయన వంగి చూశాడు. పలకకీ నేలకీ మధ్య ఒక రెక్క. ఒక కన్ను. రెప్ప వెయ్యని గుండ్రటి కన్ను.

కోడిపిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆ దర్జీని వీధంతా కోతల మామ అంటుంది. గుడ్డలు కోస్తాడు కనుక అని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళు నవ్వుకుంటారు. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కున్న పెళ్ళికొడుకు ఒకడు వరదలో కొట్టుకుపోయాడట. చొక్కా మునగనని మొండికేసిందట. చొక్కా లోపల ఉన్న పాపానికి పెళ్ళికొడుకూ మునగలేదట. ఏ నది మామా అని అడిగితే, పేరు చెప్పకూడదురా, దానికి సిగ్గు, అంటాడు.

అలాంటి నోరు ఆ మధ్యాహ్నం ఎండిపోయింది.

పసుపు నూగు పోయి గోధుమరంగు ఈకలు వస్తున్న పిల్ల అది. తోడబుట్టినవన్నీ పిల్లి నోట పడ్డాయి. ఇదొక్కటి మిగిలింది. కత్తిరింపు ముక్కల బుట్టలో పెట్టి, పైన పాత శాలువా కప్పి, ఆవిడే తల్లికోడి అయింది. పిల్లకి తెలివి మాత్రం అంతంత. రాలిన దారపు ముక్కల్ని పురుగులనుకుని ముక్కుతో పొడుస్తుంది. మిషను కింద తిరుగుతుంది. దర్జీ పాదం దాని ఇంటి కప్పు.

కప్పు కూలింది.

"కాలికింద ప్రాణి నలుగుతుంటే తెలీలేదా మీకు?"

"తెలీకేం! మిషనులో నూనె అయిపోయి గీరుకుంటోందనుకున్నాను. ఓసారి ఇలాగే—"

"కతలొద్దు."

ఆయన ఆపేశాడు. ఆవిడ చూపు కోడిపిల్ల మీంచి లేచి ఆయన పాదం మీద వాలింది. పాదాన్ని మెల్లగా పంచె కిందికి లాక్కున్నాడు.

ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. బొటనవేలి దగ్గర ముందు చీమలు పాకాయి. పాకుతూ ఉన్నాయి, ఉన్నాయి... ఒకరోజు చీమలు కూడా వెళ్ళిపోయాయి. తర్వాత అక్కడ ఏమీ లేదు. చెప్పు జారిపోయినా తెలియలేదు. ఒకసారి ఒంటిచెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోదేదండీ అంటే, కుక్క అడిగిందే, పాపం కాదనలేకపోయాను, అన్నాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వినంతసేపూ ఆవిడ కింద చూడదు. అందుకే ఆయన నవ్విస్తాడు.

దర్జీ సొంత అన్నకూ ఇలాగే మొదలైంది. అదే చక్కెర జబ్బు. అవే చీమలు. ముందు వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. అన్న ప్యాంటుకి ఒక కాలు మడిచి, మూసి, కుట్టేసింది ఈ చేతులే. ఈ మిషను మీదే. ఆ కుట్టు వేస్తున్నప్పుడు కూడా మిషను మామూలుగానే చప్పుడు చేసింది...

అది తలచుకుంటే చాలు. ఏదో ఒక కత ఎత్తుకుంటాడు.

కోడిపిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలు మధ్యలో వంగకూడని చోట వంగి ఉంది. చీపురు పుల్లలు చిన్నవిగా కోశాడు. కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ తీశాడు. టేపు పెట్టి కొలిచాడు — అవును, కోడిపిల్ల కాలికి కొలత తీసుకున్నాడు. ఇంకొకరైతే దారంతో చుట్టి ముడేసేవారు. ఈయన ముడేస్తాడా? చేతికుట్టు వేశాడు. చిన్న చిన్న కుట్లు, చీమగుడ్లంత. ఎక్కడా ముడత లేదు. ఎక్కడా వదులు లేదు.

"ఒంటికి అతికినట్టుంది చూడవే. రాజుగారి మేజోడు."

ఆవిడ నవ్వలేదు.

కోడిపిల్లను బుట్టలో పడుకోబెట్టింది. నీళ్ళు వేలికొనతో ముక్కుకి అందించింది. ఒక చుక్క తాగింది. ఇంకో చుక్క బయటికి జారింది.

తెల్లారి చూస్తే కట్టు కింద వేళ్ళు ఉబ్బాయి.

పసుపు రంగు పోయింది. వంకాయ రంగు వచ్చింది.

ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వేసవి పొద్దున, అంత చిన్న వేళ్ళు, అంత చల్లగా...

దర్జీ కట్టు అంచు కింద గోరు దూర్చబోయాడు, సందు లేదు. పిల్లల గుడ్డలు కుట్టేటప్పుడు లోపల ఇంత గుడ్డ మడిచి వదులుతాడు. పెరిగే ఒళ్ళమ్మా, రేపు విప్పుకోవచ్చు, అని తల్లులకు చెబుతాడు. జీవితమంతా అదే చెప్పాడు. ఆ మాట ఈ పిల్ల దగ్గర ఎలా మరిచాడు? పెరిగేది కదా ఇదీ. వాచేది కదా దెబ్బ. భయపడిన చెయ్యి బిగించి కుట్టింది. అందంగా, బిగించి, కుట్టింది.

కుట్లు విప్పే బ్లేడు తీశాడు. చీమగుడ్లంత కుట్లు. తన పనితనం తనకే శత్రువైంది. ఒక్కొక్కటీ వెతకాలి. ఒక్కొక్కటీ తెంపాలి. బ్లేడు కొన చర్మానికి తగలకూడదు. ఆవిడ కోడిపిల్ల తల మీద అరచెయ్యి కప్పి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అప్పుడే వచ్చాడు వీధి మలుపులో కోడిమాంసం కొట్టువాడు, చొక్కా కోసం.

"మామా, నా చొక్కా— అరె! ఇదేంటి, నా వ్యాపారం నువ్వు మొదలెట్టావా?"

"నోర్ముయ్యరా అల్లుడూ. చెయ్యి కదులుతుంది."

కొట్టువాడు గొంతుక్కూర్చున్నాడు. వేళ్ళకేసి చూశాడు. నవ్వు తగ్గింది.

"రంగు మారింది మామా."

"కనపడుతోంది."

"కట్టు విప్పాక కాసేపాగి వేలు గోటితో గిల్లు. వెనక్కి లాక్కుందా, కాలు బతికున్నట్టే. లాక్కోలేదా..."

"లాక్కోకపోతే?" అడిగింది ఆవిడ.

"ఇక్కడితో ఆగదత్తా. పైకి పాకుతుంది." లేచి దుమ్ము దులుపుకున్నాడు. "అప్పుడు నాకిచ్చెయ్యండి. దానికే తెలీకుండా చేస్తాను."

"పోరా!" అంది ఆవిడ. "నీ చొక్కాకి చేతులు లేకుండా కుట్టిస్తాను."

అతను నవ్వుతూ వెళ్ళాడు. నవ్వు వెళ్ళింది. మాట ఉండిపోయింది.

పైకి పాకుతుంది...

దర్జీకి తన పిక్క గుర్తొచ్చింది. మోకాలు గుర్తొచ్చింది. మోకాలి దగ్గర మూసేసిన కుట్టు గుర్తొచ్చింది.

కట్టు ఊడింది. కొత్తగా కట్టారు, ఈసారి మెత్తటి పాతగుడ్డతో, గాలి ఆడేలా, ఉత్త ముడితో. ఆ ముడిని చూస్తే ఆయన శిష్యులు నవ్విపోతారు. నవ్వనీ.

ఎండ గుమ్మం దాటి మిషను కాళ్ళ దాకా వచ్చింది. కోడిపిల్ల ఆయన ఒళ్ళో ఉంది. సగం కుట్టిన గుడ్డ మిషను మీంచి జారి, ఆయన మోకాళ్ళ మీంచి నేలదాకా వేలాడుతోంది. ఆవిడ ఆయన ముందు నేలమీద కూర్చుంది.

"గిల్లండి."

"నావల్ల కాదే. నువ్వు గిల్లు."

కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళికొడుకుని వరద దాటించినవాడు.

ఆవిడ గిల్లింది.

ఏమీ లేదు.

మళ్ళీ గిల్లింది. కొంచెం గట్టిగా. పళ్ళు బిగపట్టి.

కోడిపిల్ల వేలు దారమంత వెనక్కి జరిగింది. జరిగిందా? ఆవిడ ఇంకోసారి గిల్లింది. ఈసారి వేలు ముడుచుకుంది, ముడుచుకుని కోడిపిల్ల "కీ" అంది. నిన్నటినుంచి మింగుకున్న అరుపు.

"లాక్కుంది!" దర్జీ కళ్ళు తెరిచాడు. "చూశావటే! తిట్టింది నన్ను! కోడిభాషలో నా ఏడుతరాల్నీ తిట్టింది! ఇంక చూస్కో. ఇది నడుస్తుంది. పరుగెడుతుంది. గుర్రాల పందేనికి తీసుకెళ్తాను. గుర్రాలన్నీ సిగ్గుతో—"

చెబుతున్నాడు. చేతులు ఊపుతున్నాడు. నోటికి తడి తిరిగొచ్చింది. గుర్రాలు ఓడిపోతున్నాయి. కోడిపిల్ల మెడలో దండ పడుతోంది.

ఆవిడ నవ్వడం లేదు.

ఆవిడ ఒక చెయ్యి కోడిపిల్ల మీద ఉంది. ఇంకో చెయ్యి కనబడడం లేదు. వేలాడే గుడ్డ వెనక, కిందెక్కడో ఉంది.

గుర్రాలు ఆగిపోయాయి.

"ఏమే... అలా చూస్తావేం?"

 ఆవిడ కళ్ళలో నీళ్ళు నిలిచాయి, జారలేదు.

"ఏమండీ," అంది, చాలా మెల్లగా. "ఇప్పుడు నేను మీ వేలు గిల్లుతున్నానా, లేదా?"

ఆయన నోరు తెరిచాడు. ఏ కతా రాలేదు. గుడ్డ పైకెత్తి చూడొచ్చు. చెయ్యి లేవలేదు. ఔనంటే? కాదంటే? ఏది అబద్ధమో తెలిస్తేనే కదా అబద్ధమాడడానికి...

మిషను ఆగే ఉంది. ఎండ. గంజి వాసన. ఒళ్ళో వెచ్చగా, చిన్నగా కొట్టుకుంటున్న గుండె.

దర్జీ ఊపిరి బిగబట్టి చెవి రిక్కించాడు — గుడ్డ వెనకనుంచి, కిందనుంచి, గోరంత చప్పుడేదైనా వినిపిస్తుందేమోనని.