ఏ మోకాలు, తాతగారూ?

మోకాలి మార్పిడి ఆపరేషనుకి బల్ల దాకా ఠీవిగా నడిచివెళ్లిన మొనగాణ్ణి ఆ ఆస్పత్రిలో నేనొక్కణ్ణే. మీకూ ఆ ముహూర్తం దగ్గరపడి గుబులుగా ఉంటే, ఇది చదివి ధైర్యం తెచ్చుకోండి.

ముందు ఆకలి. రాత్రి నుంచి ఏమీ తినకూడదన్నారు. పొద్దున బీపీ మాత్రతో గుక్కెడు నీళ్లిచ్చారు, అదే విందు. తర్వాత నా పళ్లసెట్టు తీయించి మా ఆవిడ చేతిలో పెట్టి, నాకొక గౌను తొడిగారు. ముందంతా మర్యాద, వెనకంతా గాలి.

ఆపైన ప్రశ్న. నా చేతికి పేరు పట్టీ కట్టినావిడ "ఏ మోకాలు, తాతగారూ?" అంది. కుడిదన్నాను. బీపీ చూసినావిడ అడిగింది. మత్తు డాక్టరు అడిగాడు. సర్జను కూడా అడిగి, కుడి మోకాలి మీద పెన్నుతో బాణం గుర్తు వేశాడు. ఇన్నేసి చదువులు చదివి ఒక్కరికీ జ్ఞాపకశక్తి లేదే అని జాలేసింది.

మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వానలు మొదలైనప్పటి నుంచి నేను వీధిలో కాలు పెట్టలేదు. మంగలే పైకొచ్చి, గడ్డం గీసి, సగం కబుర్లు చెప్పి పోతున్నాడు. మిగతా సగం కిందే ఉండిపోతున్నాయి. ఆస్పత్రికి కూడా కుర్చీలో కూర్చోబెట్టి మోసి దించారు. నా కాళ్ల మీద నేను కిందికి దిగాలంటే ఈ ఆపరేషనే దిక్కు. ఈ తేదీ దొరకడమే గగనమైంది.

అలాంటి రోజున, థియేటరు గుమ్మంలో చివరి నర్సు మళ్లీ "ఏ మోకాలు?" అంది. నా పళ్లు తీశారు గానీ నోటిదూల తీయలేదు కదా.

"ఎడమది తల్లీ. కుడిది ఊరగాయకి దాచుకుందాం" అన్నాను.

ఆమె నవ్వలేదు. నా తోపుడుమంచం అక్కడే ఆపేసింది. అవును, నడిచానన్నాను కదా, ఆ నడక నాలుగు చక్రాల మీద. పైగా భయంతో మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకునున్నాను.

సర్జను వచ్చాడు.

"సరదాకన్నానండీ."

"సరదా మీకు. మీ మాటొకటి, గుర్తొకటి అయితే లోపలికి తీసుకెళ్లం. ఎక్స్‌రేలతో సహా అన్నీ మళ్లీ చూడాలి. ఈలోగా మీ వెనకాయన్ని కానిస్తాం. మీది ఇవాళ కుదిరితే కుదిరినట్టు."

వెనకాయన పడుకునే దర్జాగా నన్ను దాటిపోయాడు. పదిమంది పనులకీ మోకాలడ్డిన చరిత్ర నాది. చివరికి నా మోకాలికే నేను అడ్డం పడ్డాను.

మా ఆవిడ ఊరుకుంటుందా? "బోడిగుండుకీ మోకాలికీ ముడేసే నోరు మీది. ఇంక జన్మంతా కిటికీలోంచి వీధిని చూసుకోండి" అంది.

భోజనాల వేళ దాటాక సర్జను మళ్లీ వచ్చి, అదే ప్రశ్న అడిగాడు. బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు, వేలు పెట్టి చూపిస్తూ, "కుడి మోకాలండీ, అరిగిపోయింది, మార్చండి" అన్నాను.

"మర్చిపోయి అడగం తాతగారూ. పొరపాటున రెండోది కోయకూడదని అడుగుతాం."

"బుద్ధొచ్చిందండీ."

నడుంలో సూది గుచ్చారు. కాసేపటికి నడుం కింద నేను లేను. తెర అవతల వడ్రంగి కొట్టులా టకటకలు, ఆపైన నిద్ర. మెలకువొచ్చేసరికి కాలికి దిండంత కట్టు, మీద ఐసు సంచి. మత్తు దిగుతుంటే నొప్పి చుట్టంలా వచ్చి కూర్చుంది. మాత్రలిస్తే కాస్త జరిగింది గానీ లేవలేదు. సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వాకరు తెచ్చి, లేవమంది.

"ఇవాళేనా తల్లీ?"

"ఇవాళే. మెట్లెక్కడం, దిగడం నేర్పాకే ఇంటికి పంపిస్తాం."

"దిగడం ముందు నేర్పు" అని, మా ఆవిడ దగ్గర పళ్లసెట్టు తీసుకుని పెట్టుకుని, ఆ పళ్లు బిగించి తలుపు దాకా నడిచాను.

ఇందులో నేను కల్పించిందొకటుంది. మా ఆవిడ ఆ బోడిగుండు మాటలేవీ అనలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది, అంతే. అది చెబితే మీరంతా ఆవిడ పక్షం చేరతారని తిట్లు నేనే రాశాను. ఆవిడ ఇది చదివి, "చప్పగా ఉన్నాయి, నేనైతే ఇంకా బాగా తిట్టేదాన్ని" అంది.