ఖాళీ అని రాసిన లోయ

మంగళవారం నగర సభ మేడ మీది గదిలో, పంకా గాలికి కొసలు లేస్తున్న పటం ముందు నిలబడి డెల్మా తన లోయ కోసం వెతికింది. ముందు మతనికో నది దొరికింది. దాని పక్కన సంత, ఆవల ఓడల రేవు, బస్సులు తిరిగే పెద్ద రోడ్డు. రోడ్డు వదిలి వేలిని కొండల మధ్యకి జరిపితే ఆమె లోయ ఫెరకుసి రావాలి. నూట ఎనభై ఇళ్ళు, ఆకు కప్పు చర్చి, రెండు కుళాయిలు, ముసలమ్మ సాంగో వక్కల కొట్టు రావాలి. అక్కడంతా ఊదారంగు పూసి ఉంది. ఆ రంగు మధ్యలో చిన్న అక్షరాలతో రాశారు: గిడ్డంగుల ప్రాంతం, ప్రస్తుతం ఖాళీ.

వేలు అక్కడే ఆగిపోయింది. చదువు అంతంతమాత్రమే కాబట్టి తనే తప్పు చదివానేమోనని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. తప్పు లేదు.

రాబోయే ఇరవై ఏళ్ళలో ఈ దీవుల రాజధాని హొనియారా ఏం చేసి బతకాలి, ఏ పరిశ్రమ ఎక్కడ రావాలి, ఎవరికి పని దొరకాలి అన్నది జనాన్నే అడిగి రాద్దామని నగర సభ పన్నెండు మందితో ఒక కమిటీ వేసింది. రోడ్డు పక్క చేపలు వేపి అమ్ముకునే డెల్మాని అందులో ఎందుకు వేశారంటే, సంతలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచుతున్నారని ఆమె ఆరు నెలలు విడవకుండా పోట్లాడింది. ఆ పోట్లాట చూసినవాళ్ళు ఆమెకి భయం లేదనుకున్నారు. తాళం వేరు, ఇది వేరు. కిందటి వారమంతా ఆమె లోయలో గడప గడపకీ తిరిగి, చర్చిలో మీటింగు పెడుతున్నాం, ఎక్కడ పని చేసుకుంటున్నారో పటం మీద ఆకుపచ్చ చీటీ, ఎక్కడ భయమో అక్కడ పసుపు చీటీ అంటించండి, పేరు చెప్పండి, మనల్నీ లెక్కలోకి తీసుకుంటారు అని చెప్పి వచ్చింది.

"తమ్ముడూ," అంది, వెనక కాగితాలు సర్దుకుంటున్న బార్నబాస్‌తో. "ఇది మా లోయే కదా."

బార్నబాస్ టేకో ఆ ప్రణాళిక పని చూసే కుర్ర అధికారి. దూరపు తెమోటు దీవులవాడు, నెమ్మదస్తుడు. కళ్ళద్దాలు తీసి చొక్కా కొసకి తుడుచుకున్నాడు.

"మీదే అక్కా. బయటిదేశం నుంచి వచ్చిన సలహాదారులు గీశారు. ఆకాశం నుంచి తీసిన ఫొటో చూసి గీశారు. చెట్ల కింద ఇళ్ళు వాళ్ళకి కనపడలేదు."

"వెయ్యి మందిమి కనపడలేదా?"

"సగం ఆకు కప్పులు. మిగతావి సీమపనస చెట్ల కింద ఉన్నాయి. వాళ్ళు వచ్చి చూడలేదు." గొంతు తగ్గించాడు. "శుక్రవారం బహిరంగ సభలో ముసాయిదా చదువుతారు. ఆలోపు మీ లోయ నుంచి చీటీలు అంటించిన పటం వస్తే ఆ ఖాళీ అన్న మాట కొట్టించగలను. రాకపోతే నా వల్ల కాదు."

"వస్తే మా ఇళ్ళు, మా పేర్లు, మేం ఎక్కడ అమ్ముకుంటామో అంతా అందులో ఉంటుంది. మాలో సగం మందికి లైసెన్సుల్లేవు. భూమి కాగితం ఒక్కడికీ లేదు. రేపు మమ్మల్ని లేపేయాలనుకున్నవాడికి ఆ పటం చాలదూ?"

బార్నబాస్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పడానికి కాసేపు ప్రయత్నించినట్టున్నాడు.

"చాలుతుందక్కా," అన్నాడు.

డెల్మా ఇంటికి వస్తూ లోయ మలుపు తిరిగేసరికి గుంపు కనిపించింది. ఎర్రమట్టి బాట పొడవునా ప్రతి ఇంటి ముందు స్తంభం మీదా ఎర్ర రంగుతో అంకె వేసి ఉంది. ఆమె ఇంటి స్తంభం మీద నలభై ఒకటి. రంగు ఇంకా ఆరలేదు, కిందికి కారుతోంది. తెల్ల బండిలో ఇద్దరు వచ్చారట. ఏమని అడిగితే రేవు కంపెనీ కొలతలన్నారట, మాట్లాడకుండా అంకెలు వేసుకుంటూ పోయారట.

"అదుగో, కమిటీ అమ్మగారు దిగారు," అన్నాడు హడ్సన్. డెల్మా భర్తకి అన్న. నోరు పెద్దది, మనిషీ పెద్దవాడే. "కుర్చీ వేయండ్రా. మన స్తంభాలకి నంబర్లు వేయించి అలిసిపోయి వచ్చింది."

"నేను వేయించలేదు బావా."

"మరి వారం రోజుల నుంచి పేర్లు చెప్పండి, పేర్లు చెప్పండి అని తిరిగిందెవరు? మా ఆవిడా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు. ఊదారంగు సంగతి ఇప్పుడు చెబితే తనని ఇక్కడే చీరేస్తారు, చెప్పకపోతే తర్వాత చీరేస్తారు. డెల్మా ఏమీ చెప్పకుండా తలొంచుకుని ఇంట్లోకి వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే కప్పు రేకు మీద రాయి పడింది. పట్టపగలు, అయినవాళ్ళ మధ్య. కాసేపటికి ఇంకొకటి పడింది.

ఆమె భర్త సైలస్ రేవులో బస్తాలు మోస్తాడు. మాట తక్కువ. రెండో రాయి పడ్డాక, "మానెయ్యి," అన్నాడు. "జ్వరం వచ్చిందని కబురు పంపు. ఇంకెవరినైనా చూసుకోమను."

"ఎవర్ని?"

సైలస్ లేచి తలుపు మూసి గడియ పెట్టాడు.

బుధవారం ఆమె ఎప్పటిలాగే బస్సులు ఆగేచోట గొడుగు పాతి, మూకుడు పెట్టి చేపలు వేపింది. తెల్ల బండి కనిపించినప్పుడల్లా చేతిలో గరిటె ఆగిపోయేది. రెండు వాయిలు మాడిపోయాయి. మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చి చేప, ఉడికిన కర్రపెండలం అడిగాడు. ఆకులో చుట్టి ఇచ్చింది. అతను అక్కడే నిలబడి, ముల్లు జాగ్రత్తగా తీసుకుంటూ తిన్నాడు.

"బాగుంది," అన్నాడు. "ఫెరకుసిలో నలభై ఒకటో నంబరు ఇల్లు మీదే కదమ్మా?"

చుట్టూ బస్సుల అరుపులు, వక్కలమ్మే ఆడవాళ్ళ కేకలు. అవన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి ఆమెకి.

"అవును."

"మీలాంటి పెద్ద మనుషులకి మంచి చోటు ఇప్పించాలని మా రేవు కంపెనీవాళ్ళ ఆలోచన. ఇటుక ఇల్లు, నీళ్ళు. మీకు మాత్రం. రేపు చర్చిలో ఏదో మీటింగు పెట్టుకున్నారట. ఎందుకొచ్చిన శ్రమ, వానొచ్చేట్టుంది కూడా." చేతులు తుడుచుకున్నాడు. "మీ ఆయన రేవులో మూడో షెడ్డులో కదూ పని? కష్టమైన పని. బస్తాలు జారుతుంటాయి."

అంతే. కోపంగా అనలేదు, మాటా పెంచలేదు. సగం తిన్న చేప బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. డెల్మా ఆ చేపని చాలాసేపు ముట్టుకోలేకపోయింది. తర్వాత పొయ్యి ఆర్పేసి, ఎండలోనే రేవు దాకా నడిచింది. గేటు దగ్గర నిలబడి, సైలస్ భుజం మీద బస్తాతో నడుస్తూ కనిపించేదాకా కదలలేదు.

మర్నాడు వాన రాలేదు. చర్చి నిండిపోయింది. బార్నబాస్ ఇచ్చిన పటం గోడకి వేలాడుతోంది. సగం మంది పటం కోసం కాదు, డెల్మాకి ఏమవుతుందో చూడ్డానికి వచ్చారు. ఆమె లేచి నిలబడింది. ఏం మాట్లాడాలో రెండు రోజులుగా కూర్చుకున్నదంతా మరిచిపోయింది. చివరికి జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయింది. పటం మీద మన లోయ ఖాళీ అని రాసి ఉంది. మనం కనపడకపోతే ఖాళీ అనే అంటారు. కనపడితే ఎవరు ఎక్కడున్నామో వాళ్ళకి తెలిసిపోతుంది. రెండింట్లో ఏది మంచిదో నాకు తెలీదు. నిన్న ఒకాయన వచ్చి నాకు ఇటుక ఇల్లు ఇస్తానన్నాడు, సైలస్ పని చేసే షెడ్డు నంబరు చెప్పాడు.

సైలస్ వెనక బల్ల మీద తల ఎత్తాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు ఆమె.

"నువ్వేమన్నావు?" అని ఎవరో అడిగారు.

"ఏమీ అనలేదు. నోరు రాలేదు."

అందరూ హడ్సన్ వైపు చూశారు, ఏదో ఒక ఎత్తిపొడుపు వస్తుందని. అతను తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"నన్నూ అడిగారు," అన్నాడు. "వ్యాను ఇప్పిస్తామన్నారు. సరుకు తోలుకోవడానికి."

"నువ్వేమన్నావు బావా?"

"ఆలోచించుకుంటానన్నాను." తల ఎత్తలేదు. "సోమవారం అడిగారు."

అంటే అంకెలు పడకముందే. రాళ్ళు పడకముందే. ఆ లెక్క చర్చిలో అందరూ ఒకేసారి వేసుకున్నారు. హడ్సన్ భార్య చేత్తో మొహం కప్పుకుంది. డెల్మాకి అతని మీద కోపం రావలసింది. రాలేదు. ఇంత మనిషి కూడా భయపడ్డాడని తెలిసి ఆమెకి భయం ఇంకా పెరిగింది.

ముసలమ్మ సాంగో లేచి కర్ర పొడుచుకుంటూ పటం దగ్గరికి వచ్చింది. వక్కతో నోరు ఎర్రగా ఉంది.

"అమ్మాయ్, నా కొట్టు ఎక్కడో చూపించు. నాకీ గీతలు తెలీవు."

డెల్మా చూపించింది.

"ఆకుపచ్చది బతుకుతెరువుకి, పసుపుది భయానికి. అంతేగా? నాకు రెండూ ఒక్కచోటే ఉన్నాయే. ఒకదాని మీద ఒకటి అంటించనా?"

"పక్కపక్కన అంటించు అత్తా."

"చోటు లేదు."

"అయితే ఒకదాని మీద ఒకటే అంటించు."

ఆమె తర్వాత డెల్మా తన చీటీ అంటించింది, లైసెన్సు లేని చేపల బల్ల ఉన్నచోట. పేరు రాసింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళూ లేచారు. హోటళ్ళలో దుప్పట్లు ఉతికేవాళ్ళు, ఓడలకి సరుకెత్తేవాళ్ళు, వాగు గట్టున కూర పండించి సంతకి మోసేవాళ్ళు. అందరూ రాలేదు. అరవై ఇళ్ళవాళ్ళు చీటీలు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. హడ్సన్ అందరికంటే ఆఖర్న అంటించి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు.

శుక్రవారం సభలో ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ముందు వరసలోనే కూర్చున్నాడు. డెల్మాని చూసి తెలిసినవాడిలా తలూపాడు. బార్నబాస్ పటాన్ని ఎత్తి చూపించి, ఫెరకుసి ప్రతినిధి మాట్లాడతారన్నాడు. ఆమె లేవగానే ఆ ఇస్త్రీ చొక్కా మనిషీ లేచాడు.

"ఒక్క ప్రశ్న. ఈ చీటీలు అంటించినవాళ్ళలో భూమి కాగితాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"లేరు," అంది డెల్మా. కూర్చుండిపోయింది. వెయ్యి మంది గూడు ఒక్క మాటతో పడగొట్టానని అనుకుంది. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

వేదిక మధ్యలో సభ నడిపిస్తున్న పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "కాగితాల సంగతి తర్వాత. కూర్చునే చెప్పమ్మా. అక్కడ మనుషులున్నారా, లేరా?"

"ఉన్నారండీ."

"ఎంతమంది?"

"వెయ్యికి పైనే. అరవై ఇళ్ళవాళ్ళు చీటీలు అంటించలేదండీ. భయపడ్డారు."

"మరి నువ్వెందుకు అంటించావు?"

డెల్మా ఆలోచించింది. ధైర్యంగా ఏదైనా చెప్పాలనుంది. ఏమీ దొరకలేదు.

"నేనూ భయపడే అంటించానండీ," అంది.

ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ ముసాయిదా తెరిచి, ఒక మాట కొట్టేసి, పక్కనే సంతకం పెట్టింది. కలం కాగితం మీద గీసిన చప్పుడు మైకులో వినిపించింది.

అక్కడితో అంతా చక్కబడలేదు. మూడు నెలలకి అచ్చయి వచ్చిన ప్రణాళికలో లోయ పై భాగం నివాస ప్రాంతమైంది. వాగు పక్క ముప్ఫై ఒక్క ఇళ్ళ మీద ఊదారంగు అలాగే ఉంది. కింద ఒక వాక్యం మాత్రం చేర్చారు, అక్కడివాళ్ళతో మాట్లాడి తేల్చాలని. డెల్మా ఇల్లు ఆ ముప్ఫై ఒకటిలోనే ఉంది. ఆమె చేపల బల్ల రోడ్డు వెడల్పుకి అడ్డమని తీయించి, సంత వెనక వరసలో చోటు చూపించారు. అక్కడికి బస్సు దిగినవాళ్ళు అంతగా రారు. హడ్సన్ కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వచ్చి ఏమీ అనకుండా ఆమె బల్లనీ మూకుడునీ భుజానికెత్తుకుని కొత్త చోటికి మోసి, గొడుగు పాతి వెళ్ళాడు. వ్యాను సంగతి ఆమె అడగలేదు. సైలస్ మూడో షెడ్డు మానేసి, చివరి షెడ్డుకి మారాడు. అయినా సాయంత్రం అతను మలుపు తిరిగి కనిపించేదాకా ఆమె వంట మొదలుపెట్టదు.

ఆ వెనక వరసలో ఒక మధ్యాహ్నం, చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని తెలియని ఆడమనిషి ఒకతె వచ్చి నిలబడింది. నది ఎగువ బస్తీ నుంచి వచ్చానంది. తమ బస్తీలోనూ చీటీలు అంటించమంటున్నారట. తనని ముందు నిలబడమన్నారట.

"ఫెరకుసి డెల్మక్కవి నువ్వే కదా. నిన్నడిగి రమ్మన్నారు," అంది. "మావాళ్ళ పేర్లు రాయించమంటావా, వద్దంటావా?"

డెల్మా మూకుడు కింద మంట తగ్గించింది.

"ఏం చెయ్యాలో నాకు తెలీదు చెల్లీ," అంది. "మాకు ఏమైందో చెప్తాను. కూర్చో. ముందు ఏదైనా తిను."