నెత్తళ్ల పొట్లంలో హామ్ రేడియో

స్టీలు ప్లాంటుకి ఇంకా భూములు చదును చేస్తున్న రోజులవి. పోర్టులో క్రేను నడిపే మా దొరబాబుకి రేడియో పిచ్చి పట్టింది. పాటలు వినే పిచ్చయితే ఊళ్లో సగం మందికి ఉంది. ఇతనిది మాట్లాడే పిచ్చి. ఇంట్లోనే సెట్టు కట్టుకుని సముద్రాల అవతలివాళ్లని పలకరించడం. దాన్ని హామ్ రేడియో అంటారట. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకి పరీక్ష. ఒకసారి రాసి తప్పాడు. ఈసారీ తప్పితే సెట్టున్న మూలలో తన కుట్టుమిషను పెట్టుకుంటానని భార్య భ్రమరాంబ చెప్పేసింది. ఆవిడ అన్నదంటే అయిపోయినట్టే.

మంచి పుస్తకం ఉంటే గట్టెక్కుతానని నన్ను వెంటబెట్టుకుని మా ఊరి పాతపట్నంలో లతీఫ్ కొట్టుకి వెళ్లాడు. ఓడల్లోంచి దిగిన తాళ్లు, దీపాలు, పుస్తకాలు లతీఫ్ వేలంపాట పెట్టి అమ్ముతాడు. పుస్తకాలు విడిగా ఇవ్వడు, కుప్ప మొత్తం తీసుకోవాలి. ఆ కుప్పలో, ఏ ఓడ రేడియో ఆఫీసరు వదిలేశాడో గాని, ఇటుకంత లావు హామ్ రేడియో పుస్తకం ఉంది. దొరబాబు కళ్లు లైట్‌హౌసులా తిరిగాయి.

పాటలో ఎదురు నిలిచింది వరహాలమ్మ. ఫిషింగ్ హార్బరు గేటు దగ్గర ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడకి కావలసింది చదువు కాదు, తేమకి చిరగని మందపాటి కాగితం. ఆవిడ పెంచుతూ పోయింది. దొరబాబు జేబు తడుముకుని ఆగిపోయాడు.

మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క పుస్తకం ఇచ్చెయ్యమని బతిమాలాడు. అప్పటికే అట్ట ఊడిపోయింది, పేజీలు విడిపోతున్నాయి.

“నా బుట్టలోకొచ్చిన కాయితం ఒట్టిది బయటికెల్లదు బాబూ. అలగిచ్చేత్తే బుట్ట కూడా ఒట్టిదైపోద్ది. సేపలు కొను, నీకు కావల్సిన కాయితంలోనే కడతాను,” అంది.

ఇక చూడండి. కొనేవాడికి ఎవరికైనా కావలసింది చేప. మా వాడు మాత్రం చేపని చూడకుండా కాగితం ఏరేవాడు. పుస్తకమంతా కొనాలంటే హార్బరు మొత్తం తినాలి. అందుకని ఏది ముఖ్యమో ఎంచుకోక తప్పలేదు. ప్రకటనల పేజీలు పరాయివాళ్లకి వదిలేశాడు. ఏరియలు తీగల పేజీలో నెత్తళ్లు, చట్టాల పేజీలో రొయ్యపొట్టు కట్టించుకున్నాడు. ఒకనాడు ట్రాన్స్‌మిటరు బొమ్మ కాస్తా ఎవరో గుమస్తా పొట్లమై పోయింది. దొరబాబు బస్‌స్టాపు దాకా వెంటపడి, ఆయన చేపలు తన జేబురుమాలులో మూటగట్టి ఇచ్చి, కాగితం వెనక్కి తెచ్చుకున్నాడు.

ఇంట్లో వంకాయలో నెత్తళ్లు, గోంగూరలో నెత్తళ్లు. కోటవీధి పిల్లులన్నీ కాపురాలు ఎత్తేసి వీళ్ల గుమ్మంలో మకాం పెట్టాయి. డాబా మీద పేజీలు ఆరేస్తే, డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి గద్ద వచ్చి, పొడుగు పొట్టి కూతలతో మాట్లాడే మోర్సు కోడు పాఠం ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి ఆ గద్ద ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా అరిచేది. నమ్మకపోతే అది ఇంకా అక్కడే ఉంది, వెళ్లి వినండి.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి దొరబాబు ఓ చేతిలో పేజీ, ఓ చేతిలో కంచం.

“ఏటి బావా, సదవతన్నావా, నంజుకుంటన్నావా?” అన్నాను.

“రెండూ బావా. ఇవాళ వాల్వులూ, చింతచిగురూను,” అన్నాడు.

పరీక్షనాడు నేనూ తోడు వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. రాతపరీక్ష అయ్యాక, మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు నోటితో ప్రశ్నలు వేశాడు. మా వాడు తడుముకోకుండా చెప్పాడు. ఒకటి రెండు అడిగి ఆఫీసరు ముక్కు ఎగబీల్చాడు, లేచి కిటికీ తీశాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఏ పుస్తకం చదివావని అడిగాడు.

దొరబాబు సంచీలోంచి పేజీలు తీసి బల్ల మీద పరిచాడు. ఆఫీసరు వాటిని వేలి కొసతో తిరగేశాడు. వరస ఎక్కడా కలవడం లేదు. మిగతా పేజీలేవన్నాడు.

“ఇంకా తినడం అవలేదండి,” అన్నాడు దొరబాబు.

 ఆఫీసరు మార్కులు వేసి, పేజీలు తొందరగా తీసెయ్యమన్నాడు.

లైసెన్సు వచ్చిన రోజున భ్రమరాంబ సెట్టు మీద దుమ్ము తనే తుడిచింది. కుట్టుమిషను వంటింట్లోకి, సరిగ్గా పొయ్యి ముందుకి జరిపించి, దాని మీద గుడ్డ పరిచి కుట్టడానికి కూర్చుంది.

“మూల మీకే వదిలేశానండి. మిగతా పుస్తకం మాత్రం మీరే వండుకోండి,” అంది.