గెండుక్ తింటే వర్సినాకు కడుపు నిండేది

గురువారం పొద్దున్నే వర్సినా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటుంది. కోడి వాసన ఏమాత్రం మిగిలినా కొండచిలువ ఆ వేలినే కోడి అనుకుంటుంది, దాని తప్పేం లేదు. తర్వాత పెట్టె తలుపు తీసి, ఇనుప కొక్కెంతో దాని వీపు మీద మెల్లగా తట్టి, "తిండి కాదే, నేనే" అంటుంది. అప్పుడు గెండుక్ మెడ వదులు చేసి, నాలుక నింపాదిగా ఆడిస్తూ ఆమె చేతి మీదికి పాకుతుంది. గెండుక్ అంటే మా జావా మాటల్లో ఆడపిల్ల. మూడు మీటర్ల ఆడపిల్ల.

దాన్ని పెంచింది ఆమె మొగుడు తుకిమన్. ఆయన పోయిన నలభయ్యో రోజున వర్సినా మొదటిసారి తన చేత్తో దానికి కోడి పెట్టింది. అక్కడ గెండుక్ కోడిని మింగుతుంటే ఇక్కడ వర్సినాకు కడుపు నిండింది. ఆ రోజు మొదలు రెండు వారాలకోసారి పాము తినడం, రెండు వారాల పాటు ఈమెకు ఆకలి లేకపోవడం. సెమరాంగ్‌లోని మా సందులో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. కూరగాయలావిడ ఆ గుమ్మం ముందు బండి ఆపడం మానేసింది, అంతే.

ఎదురింటి సుమియెమ్‌ది అన్నాల కొట్టు. మొదట్లో రోజూ పళ్ళెం పంపేది. "మా పిల్ల కోడి తిన్నది, నాకేం వద్దు" అని వర్సినా తిప్పి పంపేది. ఎన్నాళ్ళని పంపుతుంది? మానేసింది. తుకిమన్ పోయిన వెయ్యో రోజున, మా ఆచారం ప్రకారం చేసే ఆఖరి ప్రార్థనకు సందంతా వచ్చి చాపల మీద కూర్చుని తిన్నాం. వర్సినా అందరికీ వడ్డించి తను మెతుకు ముట్టలేదు. వెయ్యో రోజు దాటాక పోయినవాళ్ళ పేరు చెప్పి ఆ ఇంటికి ఎవరూ రానక్కర్లేదు. ఎవరమూ వెళ్ళలేదు కూడా.

ఆ తర్వాతే గెండుక్ తిండి మానేసింది.

వర్సినా ముందు కళ్ళు చూసింది. కుబుసం విడిచే ముందైతే కళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడతాయి, అప్పుడు తినదు. కళ్ళు తేటగానే ఉన్నాయి. నోట్లో చొంగ లేదు, ఊపిరిలో గురక లేదు. కోడిని పటకారుతో పట్టి ముందు ఆడించింది. ఆకలేస్తే మెడ వెనక్కి వంచి, కదలకుండా గురి చూడాలి. గెండుక్ తల పక్కకు తిప్పుకుంది. మళ్ళీ ఆడిస్తే తల చుట్టల కింద దాచుకుంది. భయమైతే ఒళ్ళు బిగుసుకుపోయేది, అదీ లేదు. వద్దంటోంది, అంతే. పళ్ళేలు తిప్పి పంపినప్పుడు తన ముఖమూ అలాగే ఉండేదని వర్సినాకు తోచలేదు.

కొండచిలువ నెలల తరబడి పస్తుండగలదు. మనిషి ఉండలేదు. మూడో వారానికి వర్సినాకు నిలబడితే కళ్ళు తిరిగాయి. పొయ్యి వెలిగించి గుప్పెడు బియ్యం వండుకుంది. ఒక్కతే కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు. ఇన్నాళ్ళూ రాని దుఃఖమంతా ఆ ముద్దకు అడ్డం పడింది. ఈ ఇంట్లో తనకెవరూ లేరని ఆమెకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం గోడ పట్టుకుని సందు దాటింది.

"ఏమక్కా, దారి తప్పావా?" అంది సుమియెమ్ తలెత్తకుండా.

"మా పిల్ల తినడం లేదు."

"డాక్టర్ని పిలువు. ఇది పాముల ఆసుపత్రి కాదు."

"దానికేం జబ్బు లేదు. ఆకలి నాకు."

సుమియెమ్ గరిటె ఆపింది. "నీకిష్టమని సోయా టెంపే ముక్కలు వేయించి పంపితే మూత కూడా తియ్యలేదు నువ్వు."

"అవును, తప్పే." వర్సినా బల్ల అంచు పట్టుకుంది. "ఒక్కదాన్నే తింటుంటే గొంతు దిగడం లేదే. నీ పక్కన కూర్చోనీ."

సుమియెమ్ ఇంకేదో అనబోయి, లోపలికి పోయిన ఆ చెంపలు చూసి ఆగిపోయింది. "కూర్చో తల్లీ. చచ్చేదాకా బెట్టు చేస్తారా ఎవరైనా?"

అన్నం, కొబ్బరిపాల కూర వడ్డించి తనూ ఒక పళ్ళెం పెట్టుకుని పక్కన కూర్చుంది. వర్సినా మెల్లగా, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నది.

ఇంటికొచ్చి చూస్తే గెండుక్ నడుం దగ్గర ఉబ్బు. పెట్టెలో పెట్టిన కోడి పెట్టినట్టే ఉంది. పాము నోరు బార్లా తెరిచి ఆవలించి, తిన్నాక చేసినట్టే దవడలు సర్దుకుంటోంది. తిన్న పామును రెండు రోజులు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. వర్సినా దూరంగానే కూర్చుని దాన్ని చూస్తూ ఏడ్చింది.

రెండు వారాలకు సరిపోతుందనుకుంది. కానీ మనిషి తిండెంత? మర్నాడు మధ్యాహ్నానికే ఉబ్బు కరిగిపోయింది. వర్సినా చెప్పులు వేసుకుంది.

"మళ్ళీనా?" అంది సుమియెమ్.

"నాకోసం కాదు. నేను తినకపోతే మా పిల్ల పస్తుంటుంది."

"మీ పిల్లకి మిరపకాయ పచ్చడి పడుతుందా?"

"కొంచెం వెయ్యి."

సుమియెమ్ రెండు పళ్ళేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. సందంతటికీ వండిపెట్టే ఆ మనిషి కొట్టు పెట్టిన పదకొండేళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడే తింటోందని మాలో ఎవరమూ గమనించలేదు. ఇప్పుడు రోజూ కూర్చుని తింటోంది.