ముప్పై అయిదేళ్ల దర్జీ

ఏడేళ్లుగా ఆ దర్జీకి వయసు ముప్పై అయిదే. నిద్ర పట్టదు, జనం తన గురించి గుసగుసలాడుతున్నట్టు వినిపిస్తుంది, భార్య తీసుకొచ్చింది. ఏ సీనియరో పుణ్యం కట్టుకుని రాసిన కేసు అది. అప్పటి నుంచి మా మానసిక వైద్య విభాగానికి వచ్చే ప్రతి మెడికల్ బ్యాచ్ తమ రికార్డుల్లో ఆ దర్జీనే దించుతోంది. ఒకడైతే సీనియర్ కొట్టేసిన మాటను కూడా రాసి, మళ్లీ కొట్టేశాడు.

వార్డులో ఇరవై మంది రోగులున్నారు. స్టూలు వేసుకుని కాసేపు మాట్లాడితే కొత్త కేసు దొరుకుతుంది. మాట్లాడితేగా! సర్జరీకైతే తెల్లారకముందే పరిగెత్తుతారు. మా దగ్గర రెండు వారాలంటే వాళ్లకు సెలవులు. పిల్లల్ని అని ఏం లాభం? "అక్కడ కాస్త నడుం వాల్చి రండ్రా, అసలు పని ఇక్కడుంది" అని క్లాసులో నవ్వుతూ చెప్పేది సర్జరీ ప్రొఫెసరే. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ మధ్యాహ్నం అరవై రికార్డులు నా బల్ల మీద గుట్టగా పడ్డాయి. మొదటి నాలుగూ దర్జీలే. విసుగొచ్చి మిగతా వాటిలో చివరి పేజీలు తిప్పి సంతకాలు గిలికేశాను.

సాయంత్రం ఒక్కొక్కరూ వచ్చి పట్టుకుపోయారు. చివరగా వచ్చినవాడు ఆ బ్యాచ్‌లో ఫస్ట్ ర్యాంకరు. తన రికార్డు తెరిచి, నా సంతకం చూసుకుని, కదలకుండా నిలబడ్డాడు.

"ఏం బాబూ, మార్కులు చాల్లేదా?"

"చదివారా మేడమ్?"

"అదే దర్జీని అరవై సార్లు చదవమంటావా?"

"నాది దర్జీ కాదు మేడమ్."

లాక్కుని చూశాను. రోగి వయసు ఇరవై రెండు. వృత్తి, మెడికల్ విద్యార్థి. రెండు నెలలుగా నిద్ర లేదు. పుస్తకం తెరిస్తే బుర్రకేమీ ఎక్కదు. రోజూ హాస్టల్ మేడ మీదికెళ్లి కిందికి చూస్తూ నిలబడుతున్నాడు. తీసుకొచ్చినవారు: ఎవరూ లేరు. దాని కింద నా సంతకం, పక్కన "బాగుంది" అని నా చేతిరాత.

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వీళ్లు రోగి మొహం చూడరని ఏడేళ్లుగా విసుక్కుంటున్నాను. ఎదురుగా వచ్చిన రోగిని నేనూ చూడలేదు.

"కూర్చో నాన్నా," అన్నాను.

అతను తలుపు వైపు చూశాడు. "మా బ్యాచ్ వాళ్లు బయటున్నారు మేడమ్. తెలిస్తే పిచ్చోడని పేరు పెట్టేస్తారు. సార్లు కూడా..."

అంతలో వరండాలోంచి ఒక గొంతు. "ఏరా, ఇంకా రావేంటి? నిన్ను అడ్మిట్ చేసుకున్నారా?" వెనకే నవ్వులు.

నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. "ఏంటా ఇకిలింపులు? మీవాడి రికార్డు తప్పుల తడక. కూర్చోబెట్టి మళ్లీ రాయిస్తాను. మీరు పొండి!" అని కసిరాను. "పాపం వాడు" అనుకుంటూ జారుకున్నారు.

మనసుకొచ్చే జబ్బులో దాచుకోవాల్సిందేమీ లేదని ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నదాన్ని. తలుపు గడియ నేనే పెట్టాను.